పాల మీద గడ్డి

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా, రైల్వేలో పనిచేసే మా నాన్నకు బొంబాయి నుంచి కాజీపేటకు బదిలీ అయింది. ఊరు మారితే నీళ్లు మారతాయని, మాట మారుతుందని అమ్మ చెప్పింది గానీ, పాలు కూడా మారతాయని ఎవరూ చెప్పలేదు.

బొంబాయిలో మాకు పాలు గాజు సీసాల్లో వచ్చేవి. పొద్దున్నే లైన్లో నిలబడి, కడిగిన ఖాళీ సీసాలిచ్చి నిండువి తెచ్చుకునేవాళ్లం. సీసా మూతికి నీలి చారల రేకు ఉండేది. దాన్ని బొటనవేలితో నొక్కి తీసి, లోపల అంటిన మీగడను నాలుకతో నాకే హక్కు ఇంట్లో నాదే.

కాజీపేట క్వార్టర్లకు మాత్రం హసన్‌పర్తి నుంచి ఒక ముసలాయన సైకిల్ మీద రెండు క్యాన్లలో పాలు తెచ్చేవాడు. అందరికీ ఆయన పాల తాత. మొదటి రోజే నేను క్యాన్లోకి తొంగి చూశాను. పాల మీద వరిగడ్డి చుట్ట తేలుతోంది. ఆయన గుడ్డలో వడగట్టి పోసేవాడు కాబట్టి, బదిలీల మీద వచ్చిన మా క్వార్టర్ల వరసలోవాళ్లెవరూ దాన్ని గమనించినట్టు లేదు. అమ్మకు చెప్పి ఊరుకున్నా బాగుండేది. నా నోరు ఊరుకుంటేనా? మూడిళ్లకు పోయి, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా పాలల్లో చెత్త ఉందని చెప్పొచ్చాను. మర్నాడు ఆ ముగ్గురూ వాడుక మానేశారు.

సంగతి అమ్మే తాతకు చెప్పింది. తిడతాడని నేను తలుపు చాటుకు పోయాను. ఆయన తిట్టలేదు. మా చిన్న బకెట్ నిండా నీళ్లు పట్టించి, సందు చివరిదాకా పోయి రమ్మన్నాడు. వచ్చేసరికి నా గౌను తడిసి ముద్దయింది, బకెట్ సగమయింది. మళ్లీ నింపి, ఈసారి పైన ఎండుగడ్డి వేసి పంపాడు. ఊగబోయిన నీళ్లు గడ్డికి తగిలి సద్దుమణిగాయి. నాలుగు చుక్కలు కూడా పడలేదు. నమ్మలేక, గడ్డి తీసి ఒకసారి, వేసి ఒకసారి మళ్లీ నడిచి చూశాను. తాత ఓపిగ్గా అరుగు మీద కూర్చున్నాడు.

“గతుకుల తొవ్వల గడ్డి లేకుంటె సగం పాలు మట్టికే పోతయ్ బిడ్డా. రోజూ ఉడుకు నీళ్లల్ల కడిగి, ఎండబెట్టి ఏస్త,” అన్నాడు. లేచి సైకిల్ పట్టుకుంటూ, “నన్ను ఒక్క మాట అడిగితె చెప్పకపోదునా?” అన్నాడు.

సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. తడి గౌనుతోనే ఆ మూడిళ్లకూ పరుగెత్తి, చూసిందంతా చెప్పాను. ఇద్దరు మళ్లీ పాలు పోయించుకున్నారు. మూడో ఆవిడ అంతా విని నవ్వి, వేరేచోట మాట్లాడుకున్నామంది. మేము అక్కడున్నన్నాళ్లూ తాత సైకిల్ ఆ గుమ్మం ముందు ఆగకుండానే పోయేది. మా ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ కొసరు పోసేవాడు. అది నాకు తిట్టుకన్నా ఎక్కువ బాధగా ఉండేది.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. ఒకచోట ప్యాకెట్, ఒకచోట అట్టపెట్టె, ఇంకోచోట కాచకుండానే చల్లగా తాగేస్తారు. ఎవరింటికి వెళ్లినా వంటింట్లోకి దూరి, ఇలా ఎందుకు చేస్తారని అడుగుతాను. ఈ పెద్దామెకు అన్నీ కావాలని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. అడిగితే పోయేది కాస్త నా పెద్దరికమే. ఆ రోజు అడగనందుకు ఒక ముసలాయనకు ఒక ఇంటి వాడుక పోయింది, నేను మళ్లీ తెచ్చి ఇవ్వలేకపోయాను.