వేపకట్టె తొట్టెల

దేవరకొండలో ఇల్లు కట్టగానే నేను చేసిన మొదటి ఘనకార్యం వాకిట్లోని వేపచెట్టును కొట్టించడం. ఆకులు రాలుతున్నాయి, రోజూ ఎవరు ఊడుస్తారు? దాని జాగాలో గోడ నుంచి గోడ దాకా టైల్సు వేయించాను. వాకిట్లో మట్టి కనబడితే నామోషీగా ఉండేది నాకు. కట్టెను మాత్రం వృథా పోనివ్వలేదు. పుట్టబోయే బిడ్డకు దాంతోనే తొట్టెల చేయించాను. ఏం ముందుచూపు!

కాన్పయిన ఐదో నెలలో, సరిగ్గా ఎండలు ముదిరినప్పుడు, నా భార్య పుట్టింటి నుంచి పాపను తీసుకొచ్చింది. మా మామకు గొర్రెల మంద ఉంది. ఊరి బయట మెట్ట చెలకల నడుమ వాళ్లది పెంకుటిల్లు. అక్కడ పిల్ల ఎంత గోసపడిందోనని నేను జాలిపడ్డాను కూడా.

మా ఇంట్లో పొద్దుగూకినా వేడి తగ్గలేదు. పగలు తాగిన ఎండనంతా స్లాబు, టైల్సు, బయటి సిమెంటు రోడ్డు కలిసి నిజాయితీగా మాకే వాపసు ఇచ్చాయి. పక్కింటి ఏసీ కూడా తన వేడిగాలిని మా కిటికీలోకి పంపి పుణ్యం కట్టుకుంది. వాకిట్లో బకెట్ల కొద్దీ నీళ్లు పోశాను. ఉక్కపోత పెరిగింది. మూడు రోజులకు పాప ఒళ్లంతా చెమటకాయలు. తొట్టెల్లో వేస్తే గుక్కపట్టి ఏడ్చేది. నాకు నిజంగా భయమేసింది.

దవాఖానలో డాక్టరు, "మందు కంటె ముందు జర చల్లటి జాగాల ఉంచుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రమే తల్లీబిడ్డలతో పాటు తొట్టెలను కూడా ఆటోలో ఎక్కించి, వెనక బండి మీద నేను బయలుదేరాను. చివరి వెల్డింగు షాపు దాటి చెలకలు మొదలవగానే గాలి మారింది. పట్టుమని పది నిమిషాల దారి కూడా కాదు. మెడ మీది చెమట ఆరుతుంటే సిగ్గేసింది.

మామ తన వాకిట్లోని వేపకొమ్మకు తొట్టెల కట్టాడు. పాప నిద్రపోయింది.

"కట్టె మంచిగున్నది అల్లుడా. యాడిది?"

"మా వాకిట్ల వేపచెట్టుదే మామా."

ఆయన కాసేపు తొట్టెల ఊపాడు.

"గా చెట్టుకే ఓ చీర గడితె సరిపోతుండె గద."

వానలు పడేదాకా పాప అక్కడే ఉంది. సాయంత్రాలు చుట్టంలా వెళ్లి నా బిడ్డను చూసొచ్చేవాణ్ణి. తొలి వానకు నాలుగు టైల్సు పగలగొట్టించి వేపమొక్క నాటాను. అది తొట్టెలంత నీడ పరిచేసరికి నా బిడ్డ బడికి పోతోంది.