మార్కు పెట్టని బంతి

వెంకటముని మామ మోకాళ్ళు ఇతరుల సంచులు మోసి మోసి అరిగిపోయాయి. మణవాళనగర్ అవతల ఉన్న గోల్ఫ్ మైదానంలో ముప్పై ఏళ్ళు క్యాడీగా చేశాడు. ఆడేవాళ్ళ వెనకే కర్రల సంచి మోస్తూ, బంతి ఎటు పోయిందో చూసి, ఏ కర్రతో కొట్టాలో చెప్పడం క్యాడీ పని. మా ఇద్దరిదీ తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై. నన్ను ఆ పనిలో పెట్టింది ఆయనే. పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరులో దిగేవాళ్ళం. దారి పొడుగునా నాకు ఆట రూల్సు చెప్పేవాడు. పెద్ద పెద్ద లాయర్లు మైదానంలో కీచులాడుకుని చివరికి ఆయన్నే అడిగేవాళ్ళు. చెప్పింది నచ్చకపోతే మాత్రం క్యాడీకేం తెలుసు అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

సోమవారం మైదానానికి సెలవు. ఆ రోజు క్యాడీలం ఆడుకునేవాళ్ళం, ఒకరితో ఒకరు, ఏ గుంతకా గుంత గెలుపోటములు. ఆ పద్ధతిలో గుంత చుట్టూ ఉండే నున్నటి గ్రీన్ మీద నా బంతి పోయి నీ బంతికి తగిలినా పెనాల్టీ లేదు. కదిలిన బంతిని మళ్ళీ దాని చోట పెడితే సరి. అందుకని మాలో ఎవరూ అడ్డంగా ఉన్న బంతిని తీసేవాళ్ళు కాదు. తియ్యమని అడిగినవాణ్ణి దొరగారొచ్చారని ఏడిపించేవాళ్ళం.

మూడేళ్ళ కిందట డాక్టరు మామను ఇక బరువు మొయ్యొద్దన్నాడు. మోయకపోతే అక్కడ ఆయనకు వేరే పని లేదు. సరిగ్గా ఆ ఏడే క్యాడీల పోటీ పెట్టి, గెలిచినవాడికి పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. కుర్చీలో కూర్చుని చెప్పొచ్చు. అది మామ కోసమే పుట్టిన ఉద్యోగమని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అని, పోటీకి నా పేరు కూడా ఇచ్చాను.

పోటీలో మొత్తం దెబ్బలు లెక్కపెడతారు. ఆ లెక్కలో ఆడేటప్పుడు గ్రీన్ మీది నుంచి కొట్టిన బంతి గ్రీన్ మీదున్న ఇంకో బంతికి తగిలితే, కొట్టినవాడికి రెండు దెబ్బలు అదనం. ఆఖరి గుంతకు వచ్చేసరికి మామ నాకంటే రెండు దెబ్బలు ముందున్నాడు. ఆ గుంతకు ఇద్దరం సమాన దెబ్బల్లో గ్రీన్ చేరాం. నా బంతి గుంతకు రెండడుగుల దూరంలో, ఆయన దారికి కాస్త పక్కగా ఆగింది. ముందు కొట్టాల్సింది ఆయన. బంతి చోట గుర్తు పెట్టి తీద్దామని నేను రూపాయి బిళ్ళతో వంగాను.

"ఉండనీరా దినకర్, యాడికి పోతాది అది" అన్నాడు మామ.

నేను లేచి నిలబడ్డాను.

ఆయన బంతి ఒంపు తిరిగి వచ్చి నా బంతికి తగిలింది. చిన్న చప్పుడు.

"ఈ పొద్దు సోమారం కాదు గదా" అన్నాడు మామ. ఆ తర్వాత నా చేతిలోని దెబ్బల లెక్క కార్డు చూపించి, "రెండు కలుపుకోరా" అన్నాడు.

నా బంతిని దాని చోట పెట్టుకున్నాను. మామ ఇంకో దెబ్బతో గుంతలో వేశాడు, నేను ఒక్క దెబ్బలో వేశాను. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాను. మరుసటి వారం నుంచి మామ రైలెక్కలేదు.

ఇప్పుడు ఆయన, చంద్రావతి అత్త తిరుత్తణి కొండ కింద పూలు, కొబ్బరికాయలు అమ్ముతున్నారు. పోయిన కృత్తిక పండక్కి వెళ్ళాను. మామ నన్ను పక్క అంగడామెకు చూపించి, "మా వాడు, కోచ్" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీ తప్పేముందిరా. నువ్వు వంగినావు గదా, నేనే వద్దంటిని" అన్నాడు.

గ్రీన్ మీదున్న తన బంతిని ఎవరైనా ఎప్పుడైనా గుర్తు పెట్టి తీసుకోవచ్చు. ఎదుటివాడు వద్దన్నా సరే. అది కూడా ఆయన రైల్లో నేర్పిందే. ఆ రోజు వంగినప్పుడు అది నాకు గుర్తుంది. రెండు దెబ్బల సంగతీ గుర్తుంది. గుర్తుండే లేచి నిలబడ్డాను.

ఆ మాట చెబుదామనే ఆయన దగ్గరికి పోయాను. ఆయన పూలు ఆకులో చుట్టి చేతిలో పెట్టాడు. తీసుకుని కొండ మెట్లెక్కాను.