బీ అంటే బీడీ కాగితం

చనిపోయిన మనిషి చేతిపనికి బతికున్న మనిషి తన పేరు పెట్టుకున్నాడు. మా చెక్కుడు షాపు మేస్త్రి పోయిన నెల ఒక ఆదివారం పొద్దున వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడి, ఖాళీ బిందె చేతిలో ఉండగానే కూలిపోయాడు. మంగళవారం ఆయన కొలతలు చెక్కిపెట్టుకున్న ఇత్తడి బిళ్ళలన్నిటినీ మేనేజరు గోనెసంచిలో వేసి పాత ఇత్తడి కింద పంపించేశాడు. ఇప్పుడు అవే బిళ్ళల మీది కొలతల్ని టైపు కొట్టించి, కింద తన సంతకం చేసి, షాపు గోడకు అంటించాడు.

చదివి జాలిపడకండి. మేము గెలిచాం. ఎలా గెలిచామో చెప్పడానికే రాస్తున్నాను.

గుంతకల్లు రైల్వే క్వార్టర్ల తలుపుల మీద ఇత్తడి పేర్ల పలకలు చూసే ఉంటారు. వాటిలో చాలా భాగం మా షాపులో చెక్కినవే. మా మిషనుకు రెండు చేతులు. ఒక చేతి కొనను అచ్చు అక్షరం గాడిలో తిప్పుతుంటే, రెండో చేతికున్న సూది గిర్రున తిరుగుతూ అదే అక్షరాన్ని ఇత్తడి మీద చిన్నదిగా చెక్కుతుంది. చెప్పడానికి ఇంతే. చేతిని ఏ గీత దగ్గర బిగించాలి, ఏ సూది వెయ్యాలి, ఎంత లోతు దించాలి, బెల్టు ఏ చక్రం మీద ఉండాలి, వీటిలో ఏది తప్పినా పలక పాడు. వేరే షాపుల్లో పని మారినప్పుడల్లా నాలుగు పలకలు చెడగొట్టుకుని ఐదోదానికి కుదుర్చుకుంటారు. మా మేస్త్రి ఒక్కసారే వెతికేవాడు. కుదరగానే, మిగిలిన ఇత్తడి ముక్క మీద ఆ కొలతలన్నీ చెక్కి, చిల్లు పెట్టి, గోడ మీది తీగకు గుచ్చేవాడు. అవే బిళ్ళలు. నూట నలభై దాకా ఉండేవి.

"నిన్న కుదిరిందాన్ని ఈ పొద్దు మళ్ళా యాల ఎతకల్ల పాపా? మనకేం వేరే పని లేదా?" అనేవాడు.

"కాగితం మీద రాసుకుంటే సరిపోదా మేస్త్రీ?"

"కాగితం నూనె తాగుతాది. ఇత్తడికి ఆ అలవాటు ల్యా."

నన్ను షాపులో పెట్టుకున్నది చెక్కిన గాడుల్లో నల్లరంగు నింపి తుడవడానికి. అంతకుముందు రాప్తాడు దగ్గర మా నాయనతో కూలికి పోయేదాన్ని. రెండో తరగతితో బడి ఆగిపోయింది. కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడల్లా అచ్చు అక్షరాల గాడుల్లో వేలు పెట్టి తిప్పుకుంటూ కూర్చునేదాన్ని. నా చదువంతా అదే. కళ్ళకన్నా ముందు వేలికి వచ్చింది. ఒకరోజు మేస్త్రి వెనక నిలబడి చూశాడు.

"ఏం మే, ఆ ణకారంలో అంతసేపు తిరగతాండావు? దావ దొరకలేదా?"

సిగ్గుతో వేలు తీశాను. ఆయన నవ్వి, "రేపట్నించీ ఒట్టి వేలు గాదు, మిషను చెయ్యి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. మేస్త్రి పట్టించుకోలేదు.

లోతు కొలవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. బీడీ కట్టకు చుట్టే పల్చటి కాగితం ఉంటుంది కదా, దాన్ని మడిచి, సూది పలకను తాకిన చోట, సూదిని అంతకన్నా దిగనివ్వని ఆపుడు మర కింద పెట్టి బిగించేవాడు. తర్వాత కాగితం లాగేస్తే, సూది ఆ మందం మేరకే దిగుతుంది. వెంట్రుకవాసి తేడా రాదు. నాలుగు వరసలు మడిచిన పనికి బిళ్ళ మీద "బీ 4" అని చెక్కేవాడు. డాక్టరు మానెయ్యమన్నాక బీడీలు మానేశాడు కానీ, కట్టలు కొనడం మానలేదు. బీడీలు టీ అంగడి అన్నకిచ్చి కాగితం జేబులో పెట్టుకునేవాడు.

"కాగితం కోసరం బీడీలు కొనేటోన్ని నిన్నొక్కన్నే చూసినానప్పా" అనేవాడు టీ అంగడి అన్న.

"నువ్వు కాల్చు. నేను కొలుస్తా."

ఆయన పోయిన వారానికే ఒక ఆసుపత్రి నుంచి పని వచ్చింది. మూడేళ్ళ కింద వాళ్ళ గదుల పలకలన్నీ మేస్త్రే చెక్కాడు. ఇప్పుడు కొత్త గదులు కట్టారు. అరవై పలకలు కావాలి, పాతవాటికీ కొత్తవాటికీ తేడా తెలియకూడదు అన్నారు. చూసుకోవడానికి పాత పలక ఒకటి పంపారు.

మేనేజరుకు ధీమా. బిళ్ళలు పంపించేసేముందు గుమాస్తా చేత వాటిని నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. "బీ 4" అని చూసి, సూదుల పెట్టెలో ఇంగ్లీషు బి అక్షరం ఉన్న నాలుగో నంబరు సూది తీసి బిగింపించాడు. అది గడ్డపార లాంటి సూది. మొదటి పలకలో తలకట్లు ఎగిరిపోయాయి, సున్నాలు పూడిపోయాయి, అక్షరానికి అక్షరం అతుక్కుంది. అట్లా తొమ్మిది పలకలు నాశనం చేశాడు.

"అది బి సూది గాదు సార్, బీడీ కాగితం" అన్నాను.

షాపంతా వినేలా నవ్వాడు. "బీడీలా! రంగు పుయ్యనీకె వచ్చినావు, పోయి రంగు పుయ్యి."

అంతేకాదు, గుమాస్తా బిళ్ళల ముందువైపే ఎక్కించాడు. వెనకవైపు కూడా చెక్కి ఉంటుందని వాళ్ళిద్దరికీ తెలియదు. అసలు బిళ్ళలే వెనక్కి తెద్దామని రెండో మిషను మీద పనిచేసే అన్న సైకిలు తీశాడు. నేను వెనక ఎక్కాను. పాత ఇత్తడి కొనే సాయిబు అంగడికి పోయాం. కరిగించేసి ఉంటే అంతే సంగతులు.

"మీ మేస్త్రివా? ముందే చెప్పల్ల గదమ్మా" అన్నాడు సాయిబు. "సంచి ఆడే ఉండాది, ఇప్పనే లేదు. తీస్కపో. నా తక్కెడ మీద అంకెలు చెక్కింది గూడా ఆయనే."

సంచి మోసుకొచ్చి నేల మీద కుమ్మరించాం. ఆసుపత్రి బిళ్ళ దొరికింది. టీ అంగడి నుంచి బీడీ కట్ట తెప్పించాను. కాగితం విప్పి, నాలుగు వరసలు మడిచి, మర కింద పెట్టాను.

"పూజ అయిపోయినాదా?" అన్నాడు మేనేజరు.

నేను మిషను వేశాను. ఒక్క పలక. ఒక్కసారి. రంగు నింపి తుడిచి పాత పలక పక్కన పెట్టాను. రెండో మిషను అన్న వంగి చూసి, ఒక్క కేక పెట్టాడు: "ఓయమ్మా, మేస్త్రి వచ్చి చెక్కినట్లుండాదే!"

మధ్యాహ్నం చుట్టుపక్కల తోటల్లో బోరుమోటార్లు మొదలై కరెంటు బలం తగ్గింది. మోటారు గొంతు దిగింది. మామూలుగా అయితే గాడి అంచులు చిరుగుతాయి. బిళ్ళ తిప్పి చూశాను. వెనకవైపు ఉంది: "బోర్లు ఆడే వేళ బెల్టు రెండో చక్రం." మార్చాను. గాడి మళ్ళీ అద్దంలా వచ్చింది. మూడేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం మా మేస్త్రి పడిన తంటా ఆ రోజు నన్ను కాపాడింది.

అరవై పలకలు పూర్తిచేశాం. మా చేతుల్లో ఒక్కటీ చెడలేదు. ఆసుపత్రి మనిషి వచ్చి, మేము తోమి ఉంచిన పాత పలకను అవే అక్షరాలున్న కొత్తవాటిలో కలిపేసి, తర్వాత దాన్ని ఏరుకోలేక తల గోక్కున్నాడు. "ఇందులో మాది ఏదప్పా?" అన్నాడు. అందరం ఈలలు వేశాం. నేను ఏడ్చాను కూడా. అది దుఃఖం కాదు.

ఆ మరునాడే మేనేజరు బిళ్ళల్ని తన గదిలో పెట్టి తాళం వేశాడు. రెండు వైపులా ఉన్నదంతా ఈసారి జాగ్రత్తగా టైపు కొట్టించాడు. బీ అంటే బీడీ కాగితం అని కూడా రాయించాడు. కింద "రూపకల్పన" అని వేసి సంతకం పెట్టుకున్నాడు. ఈయన జన్మలో ఒక సున్నా చెక్కి ఎరగడు.

మా కార్మికుల పత్రిక మా షాపు యజమాని బల్ల మీదికి కూడా పోతుందని తెలిసే ఇది రాస్తున్నాను. అయ్యా, ఆ కాగితం చింపించండి. బిళ్ళలు తీగ మీదికి రావాలి. వాటి పైన మా మేస్త్రి పేరుతో ఒక ఇత్తడి పలక ఉండాలి. దాన్ని నేను చెక్కుతాను, మీరు ఊఁ అంటే చాలు. షాపులో చెక్కేవాళ్ళం నలుగురం ఒక్కమాట మీద ఉన్నాం. సోమవారం పొద్దున మిషన్లు మొదలయ్యే లోపల మీ జవాబు కావాలి. రాతలో కావాలి. కింద మీ సంతకం ఉండాలి.