స్పెయిన్ బంగళా బాల్కనీ

కొత్తగా పెళ్లయితే ఎవరైనా పెళ్లాన్ని సినిమాకు తీసుకుపోతారు. బాలకిషన్ మాత్రం శశికళను ఒక ఇల్లు చూపించడానికి తీసుకుపోయాడు. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం కొనిచ్చి, అది కరిగి ఆమె చేతి మీదుగా కారుతున్నా పట్టించుకోకుండా ఆబిడ్స్ వెనక సందులోకి నడిపించాడు. అది యాభై ఏడో సంవత్సరం.

అతడు నాంపల్లిలో ఒక ఇంజనీరు దగ్గర నక్షాలు గీసేవాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఇళ్ల పిచ్చి. ఆ బంగళాను ఎవరో జాగీర్దారు స్పెయిన్ దేశపు ఇళ్ల బొమ్మలు చూసి మోజుపడి కట్టించాడట. తెల్లటి సున్నపు గోడలు, ఎర్రటి గూనపెంకులు, వరుసగా కమాన్లు, లోపల ఫౌంటెన్ ఉన్న ముంగిలి, పైన నల్లటి చెక్క రెయిలింగుతో బాల్కనీ. వారసులు కోర్టుకెక్కడంతో ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. అయినా దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఎక్కడి దేశపు ఇల్లో గానీ మన ఎండ కోసమే కట్టినట్టుండేది. ఆ తెల్లగోడ మీద కమాను నీడ చూస్తేనే ఒళ్లు చల్లబడేది.

శశికళ చూపు పైకి పోయింది. బాల్కనీలో ఒకావిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, ఆకుపచ్చ చీర. రెయిలింగు పట్టుకుని ముందుకు వంగి, నోరు తెరిచి ఎవరినో పిలుస్తోంది. గొంతు మాత్రం వినబడటం లేదు.

"పైన ఎవరండీ ఆమె?"

"ఎవరు లేరు. అది ఖాళీ ఇల్లు," అన్నాడు బాలకిషన్, కమాన్ల మీది నుంచి చూపు తిప్పకుండా.

శశికళ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

అయిదారేళ్లకు, నాంపల్లిలో తాత ఇచ్చిన చిన్న జాగాలో బాలకిషన్ ఆ బంగళాకు నకలు కట్టడం మొదలుపెట్టాడు. శశికళకు పాత భయం లేకపోలేదు. కానీ కిరాయి ఇళ్లు మారి మారి విసిగిపోయిన మనిషికి సొంత ఇల్లంటే చేదా? ఊరుకుంది. గోడలు లేస్తుంటే మేస్త్రీ మల్లయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, ఒక్క కొదువ ఉంచుర్రి. దిష్టికి గుమ్మడికాయ ఒక్కటి గడితె సాలదు. మేం ఏ ఇంటికైనా జర ఏదో ఒకటి కొదువ పెడ్తం. ఏ కొదువ లేని ఇల్లయితె మనిషి సూసుకుంట బయటనే నిలబడ్తడు, లోపలికి రాడు."

బాలకిషన్ నవ్వి కొట్టిపారేశాడు. అయితే ఆ బంగళా రెయిలింగు లాంటి చెక్కడం పని చేసే వడ్రంగి ఎంత వెతికినా దొరకలేదు. సణుక్కుంటూనే బాల్కనీకి ఇనుప పైపు బిగించాడు. శశికళ ఆ పైపు మీద హాయిగా చీరలు ఆరేసుకునేది. అతడు దాన్ని చూసినప్పుడల్లా మొహం ముడుచుకుని గబగబా లోపలికి వచ్చేవాడు. పిల్లలు లేరు, ఇద్దరికి ఇద్దరే. ముంగిట్లో చాప వేసుకుని, పచ్చిపులుసు అన్నం తింటూ ఆఫీసు కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ పదేళ్లూ శశికళ నిజంగా సుఖపడింది.

డెబ్బై మూడులో స్పెయిన్ బంగళాను కూలగొట్టారు. లాడ్జీ కడతారట. బాలకిషన్ ఆ చెక్క రెయిలింగును కొని బండి మీద వేయించుకుని వచ్చాడు. దాన్ని చూసి ముసలి మల్లయ్య దండం పెట్టాడు.

"నేనైతె పెట్ట సారూ," అని వెళ్లిపోయాడు. ఇంకెవరో వచ్చి బిగించారు. ఇంటికి ఇక ఏ కొదువా లేదు.

మర్నాడు సాయంత్రం బాలకిషన్ ఆఫీసు నుంచి వచ్చి రోడ్డుకు అవతలే ఆగిపోయాడు. మురిసిపోతున్నాడులే అనుకుంది శశికళ. తర్వాత రోజూ అదే తంతు. అన్నం చల్లారిపోయేది. చివరికి ఆమె కిందికి దిగి చెయ్యి పట్టి లాగింది.

"లోపలికి వస్తె ఇల్లు కనబడదు గద శశీ," అన్నాడు మెల్లగా.

"మరి నేను? నేను కనబడ్తలేనా మీకు?"

అతడు ఆమె భుజం మీదుగా ఇంటిని చూస్తూ నవ్వాడు. శశికళకు ఏడుపొచ్చింది. చీకటి పడి గోడలు కనబడకుండా పోయాకే అతడు ఇంట్లోకి వచ్చేవాడు. వచ్చినా, గదిలో పక్కనున్న మనిషిని ఈమె ఎవరన్నట్టు చూసేవాడు.

దసరా వచ్చింది. ఈసారైనా తనవైపు చూస్తాడేమోనని శశికళ ముస్తాబైంది. అక్క పెట్టిన కొత్త చీర కట్టుకుంది. పచ్చిపులుసు చేసి, ఎండ వాలుతుండగా అతణ్ణి పిలుద్దామని బాల్కనీలోకి వచ్చింది. రెయిలింగు మీద చెయ్యి వేస్తే అక్కడి చెక్క ఎన్నాళ్లుగానో ఎవరో పట్టుకుని అరగదీసినట్టు నున్నగా ఉంది. ఆ అరుగుదలలో తన వేళ్లు సరిగ్గా సరిపోయాయి. గాలికి జుట్టు మొహం మీద పడింది. ఈ దిగులుతోనే సగం నెరిసిపోయిన జుట్టు. కట్టుకున్నది ఆకుపచ్చ చీర.

కింద బాలకిషన్ రోడ్డుకు అవతల తన మామూలు చోట నిలబడి ఉన్నాడు. ఇల్లు చూడటానికి ఆగిన కొత్త జంట ఒకటి అతని పక్కనే ఉంది. ఆ అమ్మాయి తలెత్తి సూటిగా శశికళనే చూసింది.

"పైన ఎవరు కాకా ఆమె?"

"ఎవరు లేరు బిడ్డా. అది ఖాళీ ఇల్లు," అన్నాడు బాలకిషన్.

శశికళ ముందుకు వంగి "ఏమండీ!" అని గొంతు చించుకుని పిలిచింది. ఆ పిలుపు ఆమె చెవికే వినబడలేదు. కింద ఆ అమ్మాయి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. తనను చూసిన ఆ ఒక్క మనిషీ రోడ్డు మలుపు తిరిగి పోతుంటే, శశికళ ఇంకా పిలుస్తూనే ఉంది.