ముప్పై ఎనిమిది దగ్గర ఎర్ర గీత

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే ముందు ఏ వారం, ఎన్ని గంటలకి అని అడిగే మనిషిని నేను. సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. అందుకే నమ్మలేదు. ఇది నాకే జరిగింది కాబట్టి టైముతో సహా రాస్తున్నాను.

నేను ఒక పంచదార ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. మా అక్క కూతురు లావణ్య నర్సీపట్నంలో నా దగ్గరే ఉంటుంది. ఫ్యాక్టరీల్లో ఆపరేటర్లు చూసే కంప్యూటర్ స్క్రీన్లు డిజైన్ చేస్తుంది. పోయిన నెల మా పాత ఫ్యాక్టరీ పనే దానికి వచ్చింది. స్క్రీనంతా బూడిద రంగు. ఆపరేటరు వెంటనే లేచి ఏదైనా చెయ్యాల్సిన చోట మాత్రమే ఎరుపు.

బాయిలర్లో నీళ్ళు ఎంతకి తగ్గితే అలారం మోగాలో అక్కడ ఎర్ర గీత ఉండాలి. ఫ్యాక్టరీ కాగితంలో ముప్పై శాతం అని ఉంది. సోమవారం సాయంత్రం ఆరింటికి నా ఎదుటే లావణ్య ముప్పై అని కొట్టింది. మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి తెరిస్తే ముప్పై ఎనిమిది. సరిచేసింది. భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ ముప్పై ఎనిమిది.

"ఏటి పిన్నీ, నువ్వుగానీ ముట్టుకున్నావా?"

"మరి నీకు పప్పు వడ్డించింది ఎవరు?" అన్నాను.

ఆ కంప్యూటర్‌కి ఫ్యాక్టరీతో కనెక్షన్ లేదు. మార్పుల రికార్డులో లావణ్య ముప్పై కొట్టిన రెండుసార్లే ఉన్నాయి.

ఆ అంకె నాకు తెలుసు. ఆయుధపూజ నాడు అందరూ మీటర్లకి నడుమ కుంకుమ బొట్టు పెడితే, బాయిలర్ ఆపరేటర్ అప్పల్నాయుడు గారు నీటి మీటరు అద్దం మీద ముప్పై ఎనిమిది దగ్గర పెట్టేవారు. ముల్లు బొట్టుని తాకగానే పంపు వేసేవారు. కాగితంలో ముప్పై కదా అన్నాను.

"బాయిలర్ కాడ నిలబడీది కాగితం కాదు కదండీ అమ్మగారూ, నాను" అన్నారు.

నేను రిపోర్టు రాశాను. ఆ బొట్టు తుడిపించారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

లావణ్యకి ఇదేమీ చెప్పలేదు. మీటరు ఒకసారి సరిచూడమని ఫ్యాక్టరీకి ఫోన్ మాత్రం చేయించాను. గురువారం చూశారు. ఉన్నదానికంటే ఎనిమిది ఎక్కువ చూపిస్తోంది. ముప్పై అని చూపేసరికి లోపల ఇరవై రెండే. గీత ముప్పై ఎనిమిది దగ్గర ఉంటేనే లోపల ముప్పై ఉండగా అలారం మోగుతుంది. నీళ్ళు చాలక గొట్టాలు పగిలితే, ఎదురుగా షిఫ్టుకి నలుగురుంటారు.

పోనీ, అప్పల్నాయుడు గారే అనుకుందామంటే అదీ కుదరడం లేదు. ఆయన బొట్టు పెట్టిన మీటరు తుక్కులోకి పోయింది. తప్పు చూపించిన ఈ మీటరు బిగించింది నిరుడు, ఆయన పోయిన ఐదేళ్ళకి. ఆయన కన్ను దాని మీద ఒక్కసారీ పడలేదు. మరి ఎవరికి తెలిసిందో, నాకైతే ఇప్పటికీ తేలలేదు.