నరహరి బొచ్చెకు కట్టిన చిలుక ముక్కు

పావుకిలో జెల్ల చేపను ఫోన్లో పెట్టి మురిసిపోయే మనుషులంటే నరహరికి ఒళ్ళుమంట.

"గిది చేపనా? చేప తుమ్మితె ఊడిపడ్డ తునకనా? పిల్లికి పెట్టుర్రి" అని గాలం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపేవాడు. రెండు ఎండ్రికాయలు పట్టినవాడు దొరికితే ఆ వారమంతా వాడికి మొహం చెల్లేది కాదు.

నరహరి రామన్నపేట దగ్గరి ఊళ్ళో, బట్టలు నేసే సాలోళ్ళ ఇంట పుట్టాడు. "గుంతల కూసొని కాళ్ళాడించుడు మనిషి చేసే పనేనా" అని తండ్రి పోగానే మగ్గం అమ్మేసి, ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. అక్కడ రోజంతా నిలబడి కాళ్ళు లాగుతున్నా ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇల్లు గడిచేది సగం భార్య లీలమ్మ చేతుల మీద. సేటు ఇచ్చిన నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే చిటికి పని ఆమెది. ముడి పడ్డచోట తెల్లమచ్చ మిగులుతుంది. ఆ మచ్చలే మగ్గం మీద వరుసకు పడి చిలుకలో, ఏనుగులో అవుతాయి. నరహరి దృష్టిలో అదీ ఒక పని కాదు. ఆయన దృష్టిలో లోకంలో పని ఒక్కటే, గాలం వేయడం.

చెరువు మీద హక్కు చేపల సంఘానిది. చేపపిల్లలను వదిలేదీ, ఎండాకాలం వల వేసేదీ వాళ్ళే. గాలం సరదా ఉన్నవాళ్ళకు సంఘం పెద్ద సాయిలు ఆదివారం ఒక్కపూట ఒప్పుకున్నాడు. షరతు ఒకటే. చేపైనా ఎండ్రికాయైనా, పట్టినదాన్ని ఫొటో తీసి, బరువు చెప్పి, ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టాలి. చెరువులోంచి ఏం పోతుందో సంఘానికి తెలియాలి కదా.

మిగతావాళ్ళు పెట్టేవి చిన్నచిన్న పరకలూ జెల్లలూ. నరహరి పెట్టేది మాత్రం ఎప్పుడూ బొచ్చె చేపే, ఎత్తి పట్టుకుంటే మెడ నుంచి బొడ్డు దాకా వేలాడేంతది. ఒక వారం కాకపోతే ఇంకో వారం, ఒకసారి గళ్ళ అంగీలో, ఒకసారి తెల్ల అంగీలో, ఒకసారి బామ్మర్ది పెళ్ళినాటి పట్టు అంగీలో. గాలానికి పట్టు అంగీ ఏమిటని ఎవరూ అడగలేదు. అంత చేపను చూశాక అంగీని ఎవడు చూస్తాడు?

ఈ చైత్రంలో సంఘం వల వేసింది. బొచ్చెలు అనుకున్నదాంట్లో సగం కూడా పడలేదు. మర్నాడు పొద్దున్నే సాయిలు గాలం వాళ్ళందరినీ వెంటబెట్టుకుని నరహరి వాకిట్లో దిగాడు. లీలమ్మ అరుగు మీద కూర్చుని నూలుకు ముడులు కడుతోంది. తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

"ఏం నరహరన్నా, మా చెరువంత నీ కడుపులనే ఉన్నట్టుంది గదా!" అన్నాడు సాయిలు.

నరహరి తువ్వాల భుజం మార్చాడు. "పట్టెటోడు పడతడు, పట్టనోడు ఏడుస్తడు. గాలం పట్టుడంటె వల ఇసిరినట్టు గాదు సాయిలన్నా."

"మంచిది. ఇగ ఎవ్వలు పట్టద్దు. వచ్చే ఐతారం నుంచి కట్ట మీద గాలం కనవడితె ఇరగ్గొడత. పరక పట్టినోనికి, నీకు, అందరికి బంద్."

అందరి చూపులూ వెంకటనర్సు మీదికి పోయాయి. ఆ ముసలాయన మోకాళ్ళు పోయి మగ్గం దిగినప్పటి నుంచి ఆదివారం గాలం కోసమే మిగతా వారాన్ని ఓర్చుకుంటున్నాడు. చేతి కర్రను నేలకు గుచ్చి చూస్తూ నిలబడ్డాడు. నరహరికి ఆయన వరుసకు మామ. గాలానికి ఎర్ర గుచ్చడం నేర్పింది కూడా ఆయనే.

నిజం ఒప్పుకుంటే నరహరి పరువు పోతుంది. ఒప్పుకోకపోతే ఈ ముసలాయన ఆదివారం పోతుంది. చెప్పుల వంక చూస్తూ, దుకాణంలో యూరియా లేదని చెప్పే గొంతుతో అన్నాడు.

"అవి... ఉత్తయే అన్నా."

"ఏవి?"

"బొచ్చెలు. ఒక్కటే. రెండేండ్ల కింద అలుగు దుంకిననాడు పడ్డది. గదాన్నే తిప్పితిప్పి పెట్టిన."

సాయిలు నవ్వలేదు. "దొరికినంక దొంగ చెప్పే మాటే ఇది. ఒక్కనాటి చేపైతె ఇన్ని అంగీలు ఎట్లొచ్చినయి? తూము కాడ ఒకటి, అలుగు కాడ ఒకటి, తుమ్మచెట్టు కింద ఒకటి. ఎవల్ని పిచ్చోళ్ళను జేస్తున్నవ్?"

నిజం చెప్పినా నమ్మించలేని స్థితికి రావాలంటే మనిషి ఎన్నేళ్ళు కష్టపడాలో నరహరికి అప్పుడు తెలిసొచ్చింది. అంగీలను ఎరువు సంచిలో పెట్టుకుపోయానని, ఫోన్ను బండకు ఆనించి చెట్టుచాటున ఒకటి విప్పి ఇంకొకటి తొడిగానని, చూసింది బర్రెలేనని చెప్పాడు. గుంపులో ఎవడో కిసుక్కున నవ్వాడు. సాయిలు మాత్రం తల అడ్డంగా ఊపాడు. బర్రెల సాక్ష్యం చెల్లదు.

అప్పుడు లీలమ్మ లేచింది. "ఏదీ, జర ఫోనియ్యన్నా" అని సాయిలు చేతిలోంచి తీసుకుంది. ఆమె ఆ గ్రూపులో లేదు. మొగుడి చేపలు చూసే తీరికా కోరికా ఆమెకెన్నడూ లేవు. ఒక ఫొటో చూసింది, ఇంకొకటి జరిపింది. చూసింది చేపను కాదు, దాని మొప్పల్లోంచి గుచ్చి వేలాడదీసిన నూలును. ఎర్రటి పోగుల కట్ట, నడుమ తెల్లమచ్చలు.

"నా చిలుక ముక్కు!" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క క్షణమే. తర్వాత సాలోళ్ళందరికీ ఒకేసారి అర్థమైంది. రెండేళ్ళ కింద లీలమ్మ కట్టిన నూలులో కొన్ని పోగులు తక్కువై, చిలుకల వరుసలో ఒక చిలుక ముక్కు లేకుండా చీర దిగింది. సేటు నానా మాటలన్నాడు. వాడకట్టంతా ఆమెను "ముక్కులేని చిలుక" అని పిలిచింది. అలా పిలిచి నవ్విన నవ్వుల్లో కొన్ని నరహరివే.

"నేను కన్నుబొడుసుకొని కడితె, నువ్వు చేపకు దండ గుచ్చినవా? ఎలక కొరికిందంటివి గదా, మొగోడా! ఎలుకకు బోను పెట్టిన గూడ!"

వెంకటనర్సు ఫోన్ దగ్గరికి వంగాడు. "ఏది బిడ్డా... ఔ. మచ్చలు అయ్యే. ముడి అదే, ముడి మీద నెత్తురు మరక అదే. అన్నిట్ల ఒక్కటే దారం, ఒక్కటే చేప." ఆయన నరహరి వైపు తిరిగాడు. "ఏం అల్లుడా, అంగీ మార్సెటోనివి దారం మార్సలేకపోయినవా? సాలోని కడుపున ఎట్ల పుట్టినవ్‌రా?"

సాయిలు కూడా ఒకసారి చూసుకున్నాడు. మరక ఉన్నచోటనే ఉంది. అప్పుడు నవ్వాడు, కట్ట తెగినట్టు. గాలానికి బంద్ లేదన్నాడు. తక్కువపడ్డ బొచ్చెల సంగతికి, చేపలు పోకుండా అలుగుకు కట్టిన జాలీ తెగిందేమో చూసుకుంటానన్నాడు. "కాని గీ అన్న మాట ఇగ చెల్లది. ఈయన ఏం బట్టినా నువ్వే గొంతు పెట్టాలె చెల్లే" అని లీలమ్మను గ్రూపులో కలిపాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం గ్రూపులో లీలమ్మ గొంతు వినిపించింది. "మా ఆయన పట్టింది ఒక్క ఎండ్రికాయ. నిజం జెప్పాల్నంటె ఈయన దాన్ని పట్టలే, అదే ఈయన ఏలు పట్టింది."

రెప్పపాటులో వెంకటనర్సు జవాబు వచ్చింది. "పిల్లికి పెట్టుర్రి."

అరుగు మీద నరహరి వాచిన వేలికి సున్నం రాసుకుంటున్నాడు. లీలమ్మ ఫోన్ పక్కన పెట్టబోయింది.

"ఏందే, బరువు జెప్పలే" అన్నాడు.