పద్మనాభన్ మిషనుకి తన పేరు పెట్టుకున్న ఆదికేశవులు

ఆదికేశవులు ఎంత పిరికివాడంటే, తన నీడ తనకంటే ముందు నడిస్తే దానికి దారిచ్చి పక్కకు జరిగేవాడు. రేడియోలు బాగుచేసే షాపులో ఉన్న రోజుల్లో, స్టేషను దొరక్క సెట్టు గరగరమంటే లోపల ఎవరో మూలుగుతున్నారని గుడ్డ కప్పేసేవాడు. అలాంటి మనిషి 1988లో పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక, మేడ మీదున్న కంప్యూటరు ఆఫీసులో చేరాడు. "కంప్యూటర్లో పేయీ పిశాచీ ఉండవు కోమలా. అంతా లెక్కలే" అని పెళ్ళానికి చెప్పి మరీ చేరాడు.

చెరువుల్లో, బావుల్లో నీళ్ళు ఎంత లోతున్నాయో కొలవడం ఆ ఆఫీసు వాళ్ళు తీసుకున్న కాంట్రాక్టు. కొలిచే మనుషులు గట్టు మీదే నిలబడి అంకెలు కొట్టుకోడానికి చేతి కంప్యూటర్లు తెప్పించారు. ఒక్కోటి ఇటుకంత లావు. పైన పసుపుపచ్చ రబ్బరు తొడుగు, వేలెడు అద్దంలో రెండు వరసల అక్షరాలు. మేడ మీంచి పడేసినా పగలదు, నీళ్ళల్లో మునిగినా చావదు. ఏనుగు తొక్కితే ఏనుగు కాలే వాస్తుందని మా వీధిలో చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు ఐప్పసి నెల వానల్లో, బాహూరు చెరువు తూము దగ్గర కొలతకు దిగిన పద్మనాభన్ కాలుజారి పోయాడు. మనిషి చచ్చాడు గానీ మిషను చావలేదు. పైకి తీసినప్పుడు దాని పట్టీ అతని మణికట్టుకే ఉంది. పిడికిలి విప్పడం ఎవరివల్లా కాలేదు. మిషనుతోనే పడుకోబెట్టి జరగాల్సినవన్నీ జరిపించి, ఇంక పాడె ఎత్తుతారనగా ఎవరో పట్టీ కోసి ఊడబెరికారు. పెద్దకర్మ, అదే కరుమాది, అయ్యాక దాన్ని ఆఫీసుకు పంపేశారు.

మేనేజరు రంగరాజన్ దాన్ని తెచ్చి ఆదికేశవులు బల్ల మీద పెట్టాడు.

"కేశవులూ, సోమవారం మద్రాసు నుంచి పెద్దోళ్ళు వస్తా ఉండారు. అన్ని మిషన్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కి ఉండాల. దీంట్లో కూడా. ఎక్కిస్తే పర్మనెంటు ఆర్డరు నా చేత్తోనే ఇస్తా. లేదంటే పోయి మళ్ళీ రేడియోలు విప్పుకో."

"సార్, ఇది ఆయన చేతిలో ఉండింది గదా సార్."

"అయితే ఏంది? చెయ్యి ఇంకా దాంట్లోనే ఉండాదా?"

విప్పుకుందామన్నా రేడియోలు లేవు. ఆ షాపు ఎప్పుడో మూతపడింది. ఈ పని పోతే ఇంకో పని లేదు.

పగలే లైట్లు వేసుకునేంత మబ్బు పట్టింది. ఆదికేశవులు పెద్ద కంప్యూటర్లో ఫ్లాపీ పెట్టి, కేబులు ఒక కొన దానికీ, ఇంకో కొన మిషనుకీ గుచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. అదే కేబులు వేరే మిషనుకు గుచ్చితే తెర మీద చుక్క తర్వాత చుక్కగా ప్రోగ్రాం ఎక్కిపోయింది. అంటే కేబులు మంచిదే. బ్యాటరీలు మార్చాడు. రెండు వైపులా అక్షరాలు పోయే వేగం ఒకటే ఉందో లేదో చూసి సరిచేశాడు. ఊహూ. అవతల ఎవరూ లేరని పెద్ద కంప్యూటరు ఇంగ్లీషులో చెబుతూనే ఉంది.

"లేరంటే మంచిదే గదన్నా" అంది పక్క బల్ల దగ్గర టైపు కొట్టే వసంతకుమారి. "ఉండానని పలికితే గదా భయపడాల!"

"నోరు మూసుకోని ఆ టార్చి ఇట్లా పట్టు పాపా."

కేబులు గుచ్చే రంధ్రంలో వెలుతురు పడింది. లోపల తెల్లగా ఏదో ఉంది. పిన్నీసుతో మెల్లగా లాగితే బియ్యపుగింజ వచ్చింది.

"ఎవురో సాపాటు తింటా పడేసుంటారు."

"అన్నం మెతుకు కాదు పాపా. పచ్చి బియ్యం."

వసంతకుమారి టార్చి ఆర్పేసింది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కరలేదు. శవం కదిలే ముందు అయినవాళ్ళంతా నోట్లో వేసే వాయ్‌కరిసి అది. ఇంకో గింజ వచ్చింది. దాని వెనక ఇంకోటి. పడి కొలత నిండా బియ్యం రాలాయని మా వీధిలో అంటారు గానీ అది పచ్చి అబద్ధం, గుప్పెడుకు మించి రాలేదు. అన్నీ అప్పుడే కడిగినట్టు తడితడిగా ఉన్నాయి.

వాటిని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంటికి తీసుకుపోతే కోమల బియ్యంతో పాటు మొగుణ్ణి కూడా గడప బయటే ఉంచేస్తుంది. పొట్లం కట్టుకుని, కిరుమాంబాక్కం మీదుగా పోయే బస్సెక్కి బాహూరు పోయాడు.

పద్మనాభన్ భార్య హేమావతి పొట్లం విప్పి చూసింది. ఏడవలేదు.

"మా అత్త వేసింది. అందురూ ఆయన నోట్లో వేస్తా ఉంటే, పొద్దుగూకులు ఈ మిషను నా కొడుకుతోనే తిరిగింది గదా, దానికి మాత్రం ఆకలుండదా అని దాని నోట్లో కూడా వేసింది. మేము వొద్దనలేదు."

"వొదినా, దాంట్లో అన్న పేరుండాది. కొత్తది ఎక్కిస్తే ఆ పేరు పోతాది. ఎక్కించకపోతే నా పని పోతాది."

"తీసెయ్యి. ఖాళీగా మాత్రం పెట్టొద్దు." ఆమె గొంతు తగ్గించింది. "ఆయన పడక ఖాళీగా పెట్టినామా, దినామూ పొద్దన్నే దుప్పటి నలిగి ఉంటా ఉంది. ఇప్పుడు మా అత్తనే దాంట్లో పడుకోబెడతా ఉండా."

బియ్యాన్ని ఆమే తీసుకుపోయి చెరువులో కలిపింది.

తిరిగొచ్చి కేబులు గుచ్చితే ఈసారి చుక్కలు కదిలాయి. ప్రోగ్రాం మొత్తం ఎక్కింది. కొలిచే మనిషి పేరు కొట్టమని మిషను అడిగింది. ఆదికేశవులు ఇంకా వేలు పెట్టనే లేదు. అద్దంలో ఇంగ్లీషు 'పి' పడింది. దాని పక్కన ఇంకో పి. వరస నిండిపోయింది.

"తడి చేరుంటాది" అన్నాడు తనకు తానే. రబ్బరు తొడుగు ఊడదీసి, మీటలన్నీ స్పిరిటు దూదితో తుడిచి, బల్లలైటు కింద ఎండబెట్టాడు. లోపల నీటి చెమ్మ జాడే లేదు. మళ్ళీ బిగించి చూస్తే మళ్ళీ పి.

రంగరాజన్ దూరం నుంచే తొంగిచూశాడు.

"మీట ఇరుక్కోనుంది. అంతే."

"మీరొకసారి నొక్కి చూడండి సార్."

"నాకు బ్యాంకులో పనుంది."

పేరు లేకపోతే ఆ మిషను ఒక్క అంకె కూడా తీసుకోదు. కొలిచేవాళ్ళను పిలిచి మీ పేరివ్వండయ్యా అంటే, ఒకడికి అప్పటికప్పుడు జ్వరం వచ్చింది, ఇంకొకడు రాజీనామా రాసిస్తానన్నాడు. సోమవారం పొద్దున కింద కారు ఆగిన చప్పుడయింది. మెట్ల మీద బూట్లు. అద్దంలో పి వెనక పి పడుతూనే ఉంది.

"అన్నా, వచ్చేసినారు!" అంది వసంతకుమారి.

ఆదికేశవులు అక్షరాలన్నీ చెరిపి, కళ్ళు సగం మూసుకుని, తన పేరు కొట్టాడు.

పి ఆగిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు, మిషను ఒక్కసారిగా తేలికయిందని ఆదికేశవులు చెబుతాడు. మద్రాసు వాళ్ళు చూసి, భేష్ అని, కాఫీ తాగి పోయారు. రంగరాజన్ మాట తప్పలేదు. పర్మనెంటు ఆర్డరు చేత్తోనే ఇచ్చాడు. కాకపోతే ఏ మిషనులో ఎవరి పేరుంటే ఆ మిషను చెరువు వాళ్ళదే అని ఆఫీసు రూలు. ఆర్డరులో 'బాహూరు చెరువు, కొలత' అని ఉంది.

ఎండల్లో, వానల్లో ఆదికేశవులు ఆ తూము దగ్గరికి దిగుతూనే ఉన్నాడు. వారానికోసారి పోతాడు. గట్టు మీద హేమావతి నిలబడి ఉంటుంది.

"ఎంత ఉండాది?" అని అడుగుతుంది.

మిషనులో అంకె కొట్టి, అదే పైకి చెబుతాడు.

"సరే. పొద్దన్నే ఆయన కూడా అంతే చెప్పినాడు" అని, కొంగు దులుపుకుని ఇంటికి పోతుంది.

ఆదికేశవులు ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అంకె తప్పు చెప్పి చూడలేదు.